లు కొమ్ము ఊడితే ల

చిన్నీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఆరో తరగతి వాళ్ళకి ఇంగ్లీషులో ప్లూరల్ (బహువచనం), పొసెసివ్ (ఎవరిదో చెప్పే రూపం) రెండూ ఒకే పీరియడ్‌లో చెప్పేశావు, మర్నాడు నోట్‌బుక్కులు తెరిస్తే ఎస్ కనపడ్డ చోటల్లా దాని ముందు అపాస్ట్రఫీ (') గుర్తు, అంతేగా? టెన్షన్ పడకు. కొత్తలో నేనూ ఇదే చేశాను. నా క్లాసులో ఒకడు "మై బ్రదర్ ప్లే'స్ క్రికెట్" అని క్రియకి కూడా తగిలించాడు. తప్పు వాడిది కాదులే, నాదే.

గొడవంతా చెవి దగ్గరుంది. బాయ్స్ అని పైకి చదివి చూడు. అబ్బాయిలు అన్నా, ఒక అబ్బాయిది అన్నా, పదిమంది అబ్బాయిలది అన్నా ఒకటే చప్పుడు, కాగితం మీదే మూడు రకాలు. కాబట్టి నువ్వు ఎంత ఒత్తి పలికినా లాభం లేదు, అర్థం వైపు నుంచి రావాలి, ఆ అర్థమేమో వాళ్ళకి తెలుగులో ఎప్పుడో వచ్చేసింది. బోర్డు మీద "పిల్లలు వచ్చారు", దాని కింద "పిల్లల బస్సు వచ్చింది" అని రాయి. రెండో దాంట్లో లు కొమ్ము ఏమైంది అని అడుగు. "పిల్లలు బస్సు" అని క్లాసులో ఒక్కరూ అనరు, ఎవరూ నేర్పలేదు కూడా. మనం కొమ్ము తీసేస్తాం, ఇంగ్లీషు వాళ్ళు అపాస్ట్రఫీ పెడతారు, అంతే అని చెప్పు.

ఒక్కరి దగ్గరికొస్తే మాత్రం తెలుగు ముంచుతుంది. "నాన్న చెప్పులు" అంటాం, నాన్నకి ఏమీ తగిలించం, అందుకే పిల్లలు "మై ఫాదర్ నేమ్" అని రాస్తారు. దీనికి గైడ్లలో ఉన్న "యొక్క" జోలికి పోకు, నాన్న యొక్క చెప్పులు అని ఏ ఇంట్లో అంటారు? "ఇల్లు, ఇంటి తలుపు", "ఊరు, ఊరి చెరువు" చూపించు, మాట రూపు మారడం కళ్ళకి కనపడుతుంది.

ముందు రెండు వారాలు ప్లూరల్ ఒక్కటే చెప్పు, అపాస్ట్రఫీ ఊసే ఎత్తకు. తర్వాత రెండు ప్రశ్నలు చాలు. ఎన్ని, ఎంతమంది అంటే జవాబొస్తే వట్టి ఎస్. ఎవరిది, దేనిది అంటే జవాబొస్తే అపాస్ట్రఫీ. గుర్తు ఎక్కడ పెట్టాలన్నది ఆ ప్రశ్నలు మొదలెట్టిన మూడో రోజు చెప్పు: సొంతదారు మాటని పూర్తిగా రాసి చుట్టూ సున్నా చుట్టమను, గుర్తు ఆ సున్నా బయటే పడాలి. గర్ల్ అని చుడితే అపాస్ట్రఫీ, ఎస్. గర్ల్స్ అని చుడితే ఎస్ లోపలే ఉంది కనక ఉత్త అపాస్ట్రఫీ. చిల్డ్రన్‌కి ఎస్ లేదు, రెండూ కావాలి. ఉమెన్స్ కాలేజీ అన్నా ఇంతే. ఈ సున్నా పద్ధతికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, ముందే తెలిసుంటే ఎంత ఎర్ర సిరా మిగిలేదో!

నీ క్లాసులో శ్రీనివాస్, తేజస్ లాంటి పేర్లు ఉండే ఉంటాయి, వాళ్ళు అడుగుతారు. అపాస్ట్రఫీ పెట్టి ఇంకో ఎస్ రాసినా, రాయకపోయినా చెల్లుతుంది, మీ పాఠ్యపుస్తకం ఏది రాస్తే అదే పట్టుకో. ఇట్స్ దగ్గర మాత్రం గట్టిగా ఉండు. హిజ్‌కి, హర్స్‌కి అపాస్ట్రఫీ లేనట్టే "దాని" అనే ఇట్స్‌కీ ఉండదు, ఉంటే అది ఇట్ ఈజ్, లేదంటే ఇట్ హ్యాజ్.

ఇంకోటి, ఇంటికెళ్ళే దారిలో కనపడే ఐదు బోర్డులు నోట్‌బుక్కులో రాసుకు రమ్మని పిల్లలకి చెప్పు. అమీర్‌పేటలో హాస్టళ్ళ బోర్డులే బోలెడు. నా పిల్లలు ఒకసారి "టిఫిన్'స్" అని రాసుకొచ్చారు, ఎవరిది అనే ప్రశ్న వేశాను, వెనక బెంచీ అమ్మాయి లేచి "టిఫిన్‌ది ఏంటి టీచర్, చట్నీనా?" అంది. ఆ రోజుతో ఆ క్లాసుకి పాఠం అయిపోయింది. బాయ్స్ హాస్టల్ అని అపాస్ట్రఫీ లేకుండా ఉంటే మాత్రం తప్పని కొట్టేయకు, అలా రాసే అలవాటూ ఉంది.

ఈ ఆదివారం ఆ నోట్‌బుక్కులు పట్టుకుని ఇంటికి రా, సగం నేను దిద్దుతాను. పెదనాన్న పెసరట్లు వేస్తానంటున్నారు.

మీ పెద్దమ్మ