మెగ్నీషియం కరిగించే ముందు

చి. హారికకు, పెదనాన్న ఆశీస్సులు.

పాత హార్డ్ డిస్కుల అయస్కాంతాల నుంచి నియోడిమియం అనే లోహాన్ని రాబట్టే పని మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో కొలిమిల దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమ్లంలో వేస్తే ఇనుముతో సహా అన్నీ కరుగుతాయి. తర్వాత విడదీసేసరికి తల ప్రాణం తోకకు వస్తుంది. కరిగిన మెగ్నీషియం అలా కాదు. నియోడిమియాన్ని తనలో కలుపుకుంటుంది, ఇనుము జోలికి దాదాపు పోదు. అయస్కాంతంలో సుమారు మూడింట రెండు వంతులు ఇనుమే కాబట్టి నీ లాభమంతా అక్కడే ఉంది. మూసకు, అంటే కరిగించే పాత్రకు కూడా మామూలు ఉక్కు చాలు. నికెల్ కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వద్దు, మెగ్నీషియం ఆ నికెల్‌ను లాగేస్తుంది.

బెంగళూరు ఎస్పీ రోడ్డు బజారులో దొరికే అయస్కాంతాల తళతళ కూడా చాలావరకు నికెల్ పూతదే. దాన్ని పూర్తిగా గీకేయి. లేకపోతే ఆ నికెల్ నియోడిమియం వెంటపడి చివరిదాకా వదలదు.

అన్నిటికన్నా ముఖ్యం, తుప్పు. ఆక్సైడైపోయిన నియోడిమియం మెగ్నీషియంలోకి రాదు. ముక్క అంచున బూడిదరంగు పొడి రాలుతుంటే ఆ మేరకు లోహం పోయినట్టే లెక్క. అందుకే సానపట్టిన పొడి జోలికి పోకు, గట్టి ముక్కలే ఏరుకో. అయస్కాంత శక్తి పోగొట్టడానికి 350 డిగ్రీల దాకా వేడి చేస్తావు కదా, అదీ గాలి తగలకుండా ఆర్గాన్ వాయువులోనే చెయ్యి.

మెగ్నీషియం 650 డిగ్రీలకు కరుగుతుంది, సుమారు 1090కి మరుగుతుంది. నియోడిమియం మరగాలంటే 3000 దాటాలి. కాబట్టి శూన్యంలో వేడి చేస్తే మెగ్నీషియం ఆవిరై వెళ్లి గొట్టం చల్లటి కొసన గడ్డకడుతుంది, మళ్లీ వాడుకోవచ్చు. లోహాలను కోసే కార్బైడ్ పనిముట్లు అరిగిపోతే, వాటిని మళ్లీ పొడిగా మార్చడానికి కరిగిన జింకును వాడి, తర్వాత దాన్ని ఆవిరి చేసి తీసేసేదీ ఇదే కిటుకుతో.

మంట అంటుకుంటే నీళ్లు పోయకు తల్లీ. మండే మెగ్నీషియం నీటి నుంచి హైడ్రోజన్‌ను విడగొడుతుంది, ప్రమాదం రెట్టింపవుతుంది. పొడి ఇసుక చేతికందేలా పెట్టుకో. అది తడిసిందేమో రోజూ చూసుకో. కొలిమి దగ్గర ఒంటరిగా ఉండవద్దు.

మొదట ఒక్క ముక్కతోనే మొదలుపెట్టు. వేసే ముందు దాని బరువు, తర్వాత మిగిలిన ఇనుము బరువు, తిరిగి వచ్చిన మెగ్నీషియం బరువు, అన్నీ రాసుకో. దసరాకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

పెదనాన్న