రెండో జాడీ

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యాను. ఆరు నెలల కిందట నా భార్య పోయింది. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఉన్నారు, వచ్చేయమంటున్నారు. రోజూ సాయంత్రం పుష్కరాల రేవు దాకా నడవడం అలవాటు, అది వదులుకుని వెళ్లబుద్ధి కాదు. కానీ ఇల్లు నా వల్ల కావడం లేదు. వండిన అన్నంలో సగం పారబోస్తున్నాను. గ్యాస్ కనెక్షన్ ఆవిడ పేరు మీదే ఉంది. మొన్న సిలిండర్ తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి "కోడ్ అమ్మగారి ఫోన్‌కి వచ్చుంటుంది, అడగండి సార్" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. పోయిన వేసవిలో ఆవిడ రెండు జాడీల ఆవకాయ పెట్టింది. ఒకటి ఇద్దరం తిన్నాం. రెండోదాని వాసెన గుడ్డ ఇంకా విప్పలేదు. తినాలా, దాచుకోవాలా? నవ్వకండి.
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: నవ్వలేదు మేష్టారూ. మావారు పోయి తొమ్మిదేళ్లు. నాది మీకు తిరగేసిన లెక్క. వంట ఒక్కటే వచ్చు, మిగతావేవీ రావు. మోటారు ఎంతసేపు వేయాలో తెలీదు. ట్యాంకు పొంగి పక్కింటివాళ్లు కేకేసేదాకా అలాగే వదిలేసేదాన్ని. బ్యాంకులో ఒక్క కాగితం కోసం మూడుసార్లు తిప్పారు. మూడోసారి బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కాగితం గురించా, ఆయన గురించా, ఇప్పటికీ చెప్పలేను.

ముందు అన్నం సంగతి. మీరు ఆవిడ వాడిన గిన్నెలోనే, ఆవిడ వేసినంత బియ్యమే వేస్తున్నారని నా అనుమానం. పెద్ద కుక్కర్ అటకెక్కించి, రెండు లీటర్లది ఒకటి కొనుక్కోండి. కాఫీ తాగే చిన్న గ్లాసుతో ఒక గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్లు. పైగిన్నెలో గుప్పెడు కందిపప్పు, పప్పు మునిగి పైన వేలెడు నీళ్లు. మూడు కూతలు రానిచ్చి కట్టేయండి. కూర కర్రీ పాయింట్‌లో తెచ్చుకోండి, పరువేం పోదు. పాలు అర లీటరు చాలు, మిగిలినవి తోడు పెట్టుకోవచ్చు. రాత్రి పెరుగన్నం. పక్కింటావిడ గిన్నెతో కూర పంపితే వద్దనకండి, గిన్నె మాత్రం ఆ రోజే తిరిగి ఇచ్చేయండి. లేకపోతే ఎవరిది ఏదో తెలీక మీ వంటిల్లు ఊరందరి గిన్నెలతో నిండిపోతుంది. మా ఇంట్లో అదే జరిగింది!

గ్యాస్ కనెక్షన్ మీ పేరుకు మార్పించుకోవచ్చు. డెత్ సర్టిఫికెట్, మీ ఆధార్, గ్యాస్ పుస్తకం, తమకు అభ్యంతరం లేదని పిల్లలు సంతకం చేసిన కాగితం పట్టుకుని ఏజెన్సీకి వెళ్లండి. సర్టిఫికెట్ నాలుగైదు కాపీలు దగ్గరుంచుకోండి, ప్రతిచోటా అడుగుతారు. ఇవన్నీ తెమిలేదాకా ఆవిడ సిమ్‌కు రీచార్జి ఆపకండి, ఓటీపీలు దానికే వస్తాయి. ఆవిడ ఏటీఎం కార్డు పిన్ తెలిసినా వాడొద్దు. నామినీగా బ్యాంకులో క్లెయిమ్ పెట్టండి. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే 15 రోజుల్లో తేల్చాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ ముక్క నాకు అప్పుడు తెలిసుంటే ఆ మెట్ల మీద కూర్చునేదాన్ని కాదేమో.

సిలిండర్ కుర్రాడికి ఒక్కసారి చెప్పేయండి. "అమ్మగారు లేరు బాబూ." అనడానికి కష్టమే. చెప్పకపోతే నెల నెలా అడుగుతాడు.

ఇక ఆవకాయ. తినండి మేష్టారూ. ఆవిడ అన్నంలో కలుపుకోవడానికి పెట్టింది, చూసుకోవడానికి కాదు. తడి తగలని గరిటెతో పైకీ కిందకీ కలపండి. నూనె ముక్క మీదికి తేలాలి, తేలకపోతే నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లారాక పోయండి. మొదటి ముద్ద గొంతు దిగకపోవచ్చు. మధ్యాహ్నం, ఎవరూ రాని వేళ మొదలుపెట్టండి. సగం చిన్న సీసాల్లోకి తీసి పిల్లలకు పంపండి, వాళ్లకూ అమ్మ చేతిదే కదా.

జాడీ అయ్యాక కడిగి ఎండలో బోర్లించండి. వేసవికి ఎలాగూ కాయలొస్తాయి. ముక్కలు కొలిచే గిన్నె ఒకటి ఆవిడ ఆ దగ్గర్లోనే ఎక్కడో పెట్టుంటారు, వెతికి ఉంచండి. ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు వచ్చే ఉత్తరంలో రాస్తాను. మీకు నిష్పత్తులు నేర్పక్కర్లేదు.