పెళ్లి వయసు: వీధి లెక్క, రాష్ట్రం లెక్క

ప్రశ్న: మాది చెన్నైలోని పెరంబూరు. ఇక్కడి మా తెలుగు కుటుంబాల్లో ఆడపిల్లకు ఇరవై ఆరేళ్లు దాటాక గాని సంబంధాలు చూడడం లేదు. ప్రకాశం జిల్లాలోని మా పుట్టింటి వైపు మాత్రం పదో తరగతి కాగానే పెళ్లి చేస్తున్నారు. ఒకే భాష, ఒకే కులం, అయినా ఇంత తేడా ఎందుకు? చట్టంలో వయసు 21కి పెంచితే ఇది పోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చూసిన రెండూ నిజమే. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20–24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉండగా, తమిళనాడులో 12.8 శాతమే ఉన్నారు. ఆ వయసువారందరూ పద్దెనిమిది దాటినవారే కనుక, పెళ్లి కానివారిని కూడా కలుపుకొని తీసిన ఈ లెక్క నమ్మదగినది. పెళ్లయినవారినే అడిగి సగటు తీస్తే, ఇంకా చదువుకుంటున్న మీ వీధి పిల్లలు అందులో కనబడరు. సగటు ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది. ఈ చిక్కు తీరేలా, ఒక్కో వయోవర్గంలో అవివాహితులు ఎందరన్నదాని నుంచే సగటు వివాహ వయసును రాబట్టే పద్ధతిని 1953లో జనాభా శాస్త్రవేత్త జాన్ హజ్నల్ చూపారు. జనగణన అంకెలకు నేటికీ దాన్నే వాడుతున్నారు.

ఇక కారణం. చాలామంది మేనరికాన్ని తప్పుపడతారు గాని, మేనరికాలు తమిళనాట కూడా విస్తారంగా ఉన్నాయి కనుక ఆ ఒక్కదానితో ఈ తేడా తేలదు. కులం కంటే, ఆస్తి కంటే కూడా నేను ముందు చూసేది ఆడపిల్ల ఎన్నేళ్లు చదివిందన్నదే. ఇంటర్ దాటిన అమ్మాయిల్లో బాల్య వివాహం ఏ రాష్ట్రంలోనైనా బాగా తక్కువ. తమిళనాడు 1989లో సంఘ సంస్కర్త మూవలూరు రామామృతం అమ్మైయార్ పేరిట మొదలుపెట్టిన పెళ్లి సాయానికి చదువును షరతుగా పెట్టింది. 2022లో దాన్ని ‘పుదుమై పెణ్’ (నవ మహిళ) పథకంగా మార్చి, ప్రభుత్వ బడిలో చదివి కాలేజీలో చేరిన అమ్మాయికి నెలకు వెయ్యి రూపాయలు ఇస్తోంది. డబ్బు పెళ్లి నుంచి చదువుకు మళ్లిన ఈ మార్పు నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది.

చట్టం సంగతికి వస్తే, 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్లు పెట్టింది. 1978 సవరణ దాన్ని 18 చేసింది. 21 చేయాలని 2021లో పార్లమెంటులో పెట్టిన బిల్లు 2024లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. పద్దెనిమిదేళ్ల నిబంధన నాలుగు దశాబ్దాలుగా ఉండగానే 29.3 శాతం నమోదైంది కనుక, అంకె మార్చినంత మాత్రాన మీ పుట్టింటి వైపు పెళ్లిళ్లు ఆగుతాయని నేను అనుకోను. పదో తరగతి అయిన పిల్ల ఇంటి నుంచి వెళ్లిరాగలిగే దూరంలో జూనియర్ కళాశాల, అక్కడికి బస్సు ఉన్నాయా అన్నది ముందు తేలాలి.