ఇథనాల్ ఉద్గారాల లెక్క సున్నా ఎందుకు వస్తోంది?

మీ లెక్కలో, పైరు నుంచి తీసే ఇంధనమైన ఇథనాల్ ఉద్గారాలు సున్నాగా తేలి, ప్రచురిత అంకెలతో పొసగకపోవడానికి కారణం, ఇంధనం మండినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను పైరు ఎదుగుతూ పీల్చుకున్న దానితో సరిపెట్టి అక్కడే ఆగిపోవడం. ఆ సరిపెట్టడం సరైనదే, కానీ లెక్క అక్కడితో పూర్తి కాదు.

1. ఎరువుల తయారీకి, దుక్కికి, రవాణాకు, స్వేదనానికి ఖర్చైన శిలాజ ఇంధనాన్ని కలపండి.

2. నత్రజని ఎరువు వేసిన నేల నుంచి వెలువడే నైట్రస్ ఆక్సైడ్ బరువును 273తో గుణించి కలపండి; నూరేళ్ల ప్రాతిపదికన అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా అన్ని రెట్లు భూమిని వేడెక్కిస్తుంది.

3. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. ఆ పైరుకు ముందు ఆ నేలలో ఏముందో చూడండి. అడవినో, గడ్డిభూమినో, ముఖ్యంగా పీట్ నేలనో (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న తడి నేల) సాగులోకి తెచ్చి ఉంటే, చెట్లలోనూ మట్టిలోనూ దాగిన కార్బన్ బయటపడుతుంది. దాన్ని ఐరోపా సమాఖ్య నిబంధనల్లో మాదిరిగా 20 ఏళ్లకు పంచి, ఏటా వచ్చే ఇంధనంపై వేయండి. పాత పొలమే అయినా, అక్కడ పండిన ఆహారపు పంట మరోచోట అడవిని నరికించవచ్చు గనుక ఆ పరోక్ష భారాన్ని కూడా విడిగా చూపండి. వాడేసిన వంటనూనెతో చేసే బయోడీజిల్‌కు ఈ భారం దాదాపు ఉండదు; జీవ ఇంధనాలపై నాకున్న నమ్మకం ప్రధానంగా ఇటువంటి వ్యర్థాల మీదే. పంట అవశేషాలూ మంచివే గానీ, అన్నీ ఎత్తేస్తే నేల సారం తగ్గుతుంది.

4. పెట్రోలుతో పోలిక లీటరుకు కాక మెగాజౌలుకు (శక్తిని కొలిచే ప్రమాణం) చేయండి: లీటరు ఇథనాల్‌లో సుమారు 21, పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది.