కేసు కొట్టేశారు, రౌడీషీటు మిగిలింది

ప్రశ్న: మా అన్నకు నలభై ఆరేళ్లు. నాపరాళ్ల పాలిషింగ్ మిషను నడుపుకొంటున్నాడు. 2013 పంచాయతీ ఎన్నికలనాడు బూత్ దగ్గర జరిగిన గలాటా కేసులో ఆయన పేరు కూడా చేర్చి, ఆ తర్వాత రౌడీషీటు తెరిచారు. 2018లో కోర్టు ఆ కేసు కొట్టివేసింది. అయినా 2019లోనూ 2024లోనూ ఎన్నికల ముందు తహసీల్దారు దగ్గర బైండోవర్ చేశారు, అంటే శాంతిగా ఉంటానని బాండు రాయించుకున్నారు. ఇప్పటికీ ఆదివారం కౌన్సెలింగ్ అని స్టేషనుకు పిలుస్తారు. అప్పుడప్పుడు రాత్రి పదకొండు దాటాక కానిస్టేబులు వచ్చి తలుపు కొట్టి, ఇంట్లో ఉన్నాడా అని చూసి పోతాడు. ఫొటో స్టేషను బోర్డు మీద ఉంది. పదో తరగతి చదివే ఆయన కూతురి పేరు, బడి పేరు కూడా రాసుకుపోయారు. కేసే లేనప్పుడు షీటు ఎట్లా ఉంటుంది? దాన్ని తీసేయించే దారి ఉందా?
— ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: మీరు ఇంత వివరంగా రాసినా, షీటు తెరిచినట్టు మీ అన్నకు ఒక్క కాగితమైనా అందిన సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదు. మన జిల్లాల్లో ఈ షీటున్న చాలామంది పరిస్థితి ఇదే. కేసుకు ఎఫ్.ఐ.ఆర్. ఉంటుంది, శిక్షకు తీర్పు ఉంటుంది, రౌడీషీటుకు మాత్రం స్టేషను బీరువాలోని రిజిస్టరు తప్ప మనిషి చేతికి వచ్చేది ఏమీ ఉండదు. కాబట్టి అది ఎక్కడి నుంచి పుట్టిందో ముందుగా తెలుసుకోవడం అవసరం.

రౌడీషీటుకు ఆధారం శాసనసభ చేసిన చట్టం కాదు, పోలీసుశాఖ తన సిబ్బంది కోసం రాసుకున్న స్టాండింగ్ ఆర్డర్లు. వాటిలో 601వ ఆర్డరు ఎవరిని రౌడీగా లెక్కించాలో చెబుతుంది. శాంతిభద్రతలకు భంగం కలిగించే నేరాలను ‘అలవాటుగా’ చేసేవారు, చేయించేవారు, కొన్ని సెక్షన్ల కింద బైండోవర్ అయినవారు అందులోకి వస్తారు. ఇక్కడ ప్రాణమంతా ‘అలవాటుగా’ అన్న మాటలోనే ఉంది. ఒకటీ అరా కేసులు చూపి మనిషిని అలవాటుపడిన నేరస్థుడనడం కుదరదని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు 1990ల నాటి తీర్పుల్లోనే చెప్పింది. ఆ వరుసలో తరచుగా ఉదహరించే 1997 నాటి కేసు మన అనంతపురం జిల్లా బ్రహ్మసముద్రం స్టేషను నుంచి వెళ్లినదే.

అయితే కేసు కొట్టేసినంత మాత్రాన షీటు దానంతట అదే మూతపడదు. నేరం రుజువు కావడం షీటు తెరవడానికి తప్పనిసరి కాదని పోలీసులు వాదిస్తారు, ఆ వాదనకు కోర్టుల్లో కొంత బలం కూడా ఉంది. మీ అన్న విషయంలో వారు 2024 బైండోవరును చూపే అవకాశం ఎక్కువ. తహసీల్దారు దగ్గర అడిగిన చోటల్లా సంతకం పెట్టి వచ్చే మనవాళ్ల అలవాటు ఇట్లాంటి చోటే మెడకు చుట్టుకుంటుంది. కానీ అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 107 సెక్షను కింద తీసుకున్న బాండు ఏడాదికి మించి నిలవదు, పైగా ఎన్నికల ముందు పాత జాబితా చూసి అందరినీ వరుసగా పిలిచి చేసిన బైండోవరు మీ అన్న నడతకు సాక్ష్యం ఎట్లా అవుతుందని అడిగే హక్కు మీకుంది.

మీకు బాగా పనికొచ్చేది 602వ ఆర్డరు. షీటును డిసెంబరు ఆఖరు వరకే ఉంచాలని, ఆ తర్వాత కొనసాగించాలన్నా మూసివేయాలన్నా గెజిటెడ్ అధికారి ఆదేశం తీసుకోవాలని అది చెబుతుంది. అంటే ఏటా ఒక అధికారి ఆలోచించి, కారణం చూసి సంతకం పెట్టాలి. 2018 తర్వాత ఏ సంవత్సరం ఏ కారణంతో పొడిగించారో ఆ ఆదేశాల నకళ్లు ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఇస్తే కారణాలు తెలుస్తాయి, ఇవ్వకపోతే ఆ నిరాకరణే హైకోర్టులో వేసే రిట్ పిటిషనుకు పనికొస్తుంది.

రాత్రి తలుపు కొట్టడం గురించి సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో తేల్చింది. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో ఆధారాలు లేక విడుదలైన మనిషి ఇంటికి పోలీసులు రాత్రిపూట వస్తుంటే, ఆ నిబంధనను కొట్టివేసింది. తక్కిన నిఘా నిబంధనలను మాత్రం అధిక సంఖ్యాక న్యాయమూర్తులు నిలబెట్టారు. ఏకాంతం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని, ఆ నిఘా నిబంధనలన్నీ పోవాలని భిన్నాభిప్రాయం రాసినవారు మన కోకా సుబ్బారావు గారు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రానికి గుంటూరులో హైకోర్టు పెట్టినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో చెప్పడంతో, ఆయన మాట యాభై అయిదేళ్లకు నెగ్గింది. ఆ తీర్పు ఆధారంగానే 2022 జూలైలో మన హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం, స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదని, వాటిని పట్టుకుని నిఘా పెట్టడం చెల్లదని తీర్పునిచ్చింది. ఏక సభ్య తీర్పులు అప్పీలులో మారే వీలుంది కాబట్టి, రిట్ వేసే ముందు మీ న్యాయవాది దాని తాజా స్థితిని చూసుకోవాలి.

పాప పేరు రాసుకుపోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. 2024 మే నెలలో ఢిల్లీకి చెందిన ఒక కేసులో, హిస్టరీ షీటు (రౌడీషీటు లాంటి నిఘా రికార్డు) పోలీసుల అంతర్గత పత్రమని, దాన్ని బయటపెట్టకూడదని, మైనర్ బంధువుల వివరాలు ఆధారం లేకుండా అందులో చేర్చకూడదని చెప్పే సవరణను సుప్రీంకోర్టు నమోదు చేసి, తక్కిన రాష్ట్రాలు కూడా ఆ పద్ధతిని పరిశీలించాలని ఆదేశించింది. బోర్డు మీది ఫొటోకూ ఇదే జవాబు.

ఇక చేయవలసింది: కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, షీటు మూసివేయాలని డీఎస్పీకి అర్జీ రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఒక ప్రతిని ఎస్పీ కార్యాలయంలో సోమవారం అర్జీల వేళ ఇచ్చి రశీదు తీసుకోండి. ఆదివారం పిలుపు వస్తే, ఏ సెక్షను కింద పిలుస్తున్నారో నోటీసు ఇమ్మని మర్యాదగా అడగమనండి. నోరు జారవద్దని మాత్రం గట్టిగా చెప్పండి, ఎందుకంటే అక్కడ జరిగే వాదులాటే కొత్త కేసుగా మారడం నేను చూశాను. రెండు మూడు నెలల్లో జవాబు రాకపోతే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. కర్నూలులో బెంచి కోరుతూ 2024 నవంబరులో శాసనసభ తీర్మానించినా, ప్రస్తుతానికి అమరావతికే పోవాలి.

ప్రశ్న: మా తమ్ముడి కేసులో సాక్షినని, రేపు స్టేషనుకు రమ్మని ఫోను చేశారు. పోవాలా?
— ఒక గృహిణి, గుంతకల్లు

జవాబు: అక్కరలేదమ్మా. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షను ప్రకారం మహిళా సాక్షిని ఆమె నివాసంలోనే విచారించాలి. అరవై దాటిన మగవారికీ ఇదే వర్తిస్తుంది. మీకై మీరు పోదలిస్తే పోవచ్చు, కానీ ఫోను పెట్టేసే ముందు రాతపూర్వకంగా ఆదేశం పంపమని అడగండి.