ఎవడిది తప్పో తర్వాత, ముందు శత్రువు ఎక్కడో చెప్పు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఫోన్ ఆటల మీదే. నాకు ఆడటం రాదు. మైకు ముందు కూర్చున్న అనుభవం మాత్రం ఉంది. పోలీసు కమ్యూనికేషన్స్‌లో వైర్‌లెస్ ఆపరేటరుగా ఒంగోలు, కావలి, నెల్లూరు తిరిగి రిటైరైన వాణ్ణి. ఇప్పుడు మా మేడ మీద గదిలో మనవడూ వాడి స్నేహితులూ బీజీఎంఐ (పబ్జీ లాంటి, నలుగురు జట్టుగా ఆడే తుపాకుల ఆట) ఆడుతుంటే వెనక కుర్చీలో కూర్చుని వింటుంటాను. తెర మీద జరిగేది నాకు సగమే అర్థమవుతుంది. ఎవడు ఎట్ట మాట్లాడుతున్నాడో మాత్రం పూర్తిగా తెలుస్తుంది.

ప్రశ్న: బాబాయ్ గారికి నమస్కారం. మేం నలుగురం డిగ్రీ ఫైనలియర్, బీజీఎంఐలో ఒకే స్క్వాడ్. విడివిడిగా అందరం బాగానే ఆడతాం. ఫైట్ మొదలైతే మాత్రం మైకులో అరుపులే. ఎవడైనా నాక్ అయితే, అంటే దెబ్బ తిని కింద పడితే, మిగతా ముగ్గురినీ తిడతాడు. మాలో మంచి స్నైపర్ ఈమధ్య మైక్ ఆఫ్ చేసి ఆడుతున్నాడు, అడిగితే ఏం లేదంటాడు. వచ్చే నెల ఒంగోలులో ఒక కాలేజీ ఫెస్టులో టోర్నమెంట్ ఉంది. ఏం చెయ్యమంటారు? – కందుకూరు

జవాబు: నాయనా, ముందు మైక్ ఆపేసినవాడి సంగతి చూద్దాం. వాడు అలిగాడని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకు అట్ట అనిపించడం లేదు. వాడు లెక్క వేసుకున్నాడు. నోరు తెరిచి "కొండ మీద ఇద్దరున్నారు" అంటే "ముందే చెప్పొచ్చు కదరా" అని తిట్లు పడుతున్నాయి. తెరవకపోతే ఏ గొడవా లేదు. ఎవడైనా రెండోదే ఎంచుకుంటాడు. కానీ మీ నలుగురిలో అందరికంటే దూరం చూసేది వాడే. స్కోప్‌లో వాడికి కనపడేది ఇంట్లో దూరి లూట్ ఏరుకునేవాడికి కనపడదు. ఆ కబురంతా ఇప్పుడు మీకు అందడం లేదు.

మర్యాదగా మాట్లాడుకోండి అని నేను చెప్పేది ఇందుకే, మంచి పిల్లలనిపించుకోవడానికి కాదు. ఒకసారి తిట్టు తిన్నవాడు రెండోసారి కబురు ఆలస్యంగా చెబుతాడు, మూడోసారి అసలు చెప్పడు. మా కంట్రోల్ రూమ్‌లో కసురుకునే ఆపరేటరు డ్యూటీలో ఉన్న రోజు స్టేషన్ల నుంచి మెసేజీలు తగ్గిపోయేవి. ఆ రోజు ఊళ్లల్లో గొడవలు తక్కువని కాదు. ఈయనతో ఎందుకొచ్చిన తంటా అని ఎవరూ సెట్టు ఎత్తేవాళ్లు కాదు.

వాణ్ణి గ్రూపులో మెసేజ్ పెట్టి బతిమాలొద్దు. టీ కొట్టు దగ్గరికి పిలిచి ఒక్కడివే మాట్లాడు. "మైక్ ఎందుకు ఆపావు" అని మొదలుపెట్టావంటే మళ్లీ సంజాయిషీ అడిగినట్టే. "పైనుంచి నీకేం కనపడుతుందో మాకు తెలియడం లేదు, ఎట్ట చెప్పడం నీకు సులువు?" అని అడిగి చూడు. తిట్టినవాడు ఎవడో వాడు కూడా ఒక మాట చెప్పుకుంటే మంచిది, బలవంతం చేయొద్దు.

ఇక మాట్లాడే పద్ధతి. మా మేడ మీద నేను రోజూ వినే మాట ఒకటుంది: "రేయ్, ఇక్కడ ఇక్కడ, నా ముందే ఉన్నాడు!" ఎవడి ముందు? నలుగురూ నాలుగు వైపులకు తిరిగి ఉంటే నీ ముందు వాడికి వెనక అవుతుంది. తెర పైన దిక్సూచి పట్టీ, దాని మీద అంకెలు ఉన్నది దేనికి? "285, రెండంతస్తుల ఇల్లు, పైన ఒకడు." ఇంతే చెప్పాలి. అంకె ముందు రావాలి. వినేవాడు అది చెవిన పడగానే తిరగడం మొదలుపెడతాడు, ఇల్లూ మనిషీ సంగతి తిరుగుతూ వింటాడు. నువ్వు ముందు ఇంటి గురించి చెప్పి చివర్లో అంకె చెబితే అప్పటిదాకా వాడు ఊరికే నిలబడి ఉంటాడు. ఒక సంగతి గుర్తుంచుకోండి, మీరు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే ఈ అంకె అందరికీ పనికొస్తుంది. ఆట మ్యాప్‌లో ఒకడు పొచింకి అనే ఊళ్లో, ఇంకొకడు స్కూల్ దగ్గర ఉంటే నీ 285 వాడికి వేరే దిక్కు. అప్పుడు మ్యాప్ మీద మార్క్ వేసి చోటు పేరు చెప్పాలి.

నాక్ అయినవాడి కోపం నాకు అర్థమవుతుంది. నేల మీద పాకుతుంటాడు, ప్రాణం తగ్గిపోతుంటుంది, తుపాకీ పనిచేయదు, నోరొక్కటే పనిచేస్తుంది. కానీ ఆ క్షణంలో శత్రువు ఎక్కడున్నాడో మీ నలుగురిలో బాగా తెలిసింది వాడికే. "కవర్ ఎందుకివ్వలేదురా, ఎన్నిసార్లు చెప్పాలి" అనడానికి పట్టే సమయంలో "నాక్, 120, గోడ వెనక, ఒక్కడే, వాడికీ తగిలింది" అని చెప్పేయొచ్చు. లేపడానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. వచ్చినవాడు అంతసేపు కూర్చోవచ్చా లేదా అన్నది ఆ కబురును బట్టే తేలాలి. తిట్టేసరికి వచ్చేవాడు గుడ్డిగా వస్తాడు, వాడూ పోతాడు, మళ్లీ ఇంకో తిట్ల దండకం.

విన్న మాటకు బదులు చెప్పడం కూడా అలవాటు చేసుకోండి. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గర తీరం దాటిన రాత్రి నేను సెట్టు ముందే ఉన్నాను. కరెంటు లేదు, బ్యాటరీ మీద నడుపుతున్నాం. గాలి హోరులో సగం మాటలు కలిసిపోయేవి. అవతలివాడు ఊరి పేరు, ఎంతమంది చిక్కుకున్నారు అన్నది చెబితే అదే మాట నేను తిరిగి చెప్పేవాణ్ణి. తప్పు చెబితే దిద్దేవాడు, సరిగ్గా చెబితే తర్వాతి ఊరికి పోయేవాడు. అంత గాలివానలోనూ మావాళ్లెవరూ అరవలేదు. మైకు దగ్గర అరిస్తే మాట పగిలిపోయి అవతల బరబరమంటుంది. మీ ఫోన్ మైకూ అంతే. కాబట్టి "స్మోక్ వెయ్యి" అని ఎవరైనా అంటే "వేస్తున్నా" అనాలి, లేదా "నా దగ్గర లేదు" అనాలి. ఏమీ అనకపోతే అడిగినవాడు పొగ వస్తుందనుకుని బయటికి పరిగెత్తుతాడు.

రష్ చెయ్యాలా (మీదికి దూకాలా), ఆగాలా అన్నది ఒక్కడే చెప్పాలి. మీవాళ్లు ఐజీఎల్ (ఇన్-గేమ్ లీడర్, ఆటలో జట్టును నడిపేవాడు) అంటారే, వాడు. వాడు చెప్పింది తప్పని తోచినా ఆ ఫైట్ అయ్యేదాకా నలుగురూ అదే చెయ్యండి. ఇద్దరు లోపల, ఇద్దరు బయట ఉంటే అంతకంటే చెడ్డ నిర్ణయం ఉండదు. వాదన మ్యాచ్ అయ్యాక, స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకుని చేసుకోండి. అప్పుడు గుర్తున్నదాని మీద కాక జరిగినదాని మీద మాట్లాడతారు. చివరి జోన్‌లో, అంటే ఆడే చోటు బాగా కుంచించుకుపోయాక, అవసరమైతే తప్ప నోరు విప్పొద్దు. అవతలివాడి అడుగుల చప్పుడు మీ కబుర్ల కింద మునిగిపోతుంది. ముందే పోయి చూస్తున్నవాడు "కుడికెళ్లు, కొట్టు కొట్టు" అని బతికున్నవాణ్ణి నడిపించకూడదు. ఆడేవాడికీ అదే తెర కనపడుతోంది కదా.

ప్రతిదానికీ "నైస్, నైస్" అనేవాళ్లు కొందరుంటారు. నాకది నచ్చదు. రెండు రోజులయ్యాక ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు. పనికొచ్చిన పని ఏదో చెప్పి మెచ్చుకోండి. "నువ్వు 285 అన్నావు కాబట్టి తప్పించుకున్నా" అని ఆ స్నైపర్‌తో ఒక్కసారి అని చూడండి, మర్నాడు మైక్ వాడే ఆన్ చేస్తాడు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. రాత్రిళ్లు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని పక్కింటికి వినపడేట్టు కేకలు. మధ్యలో బూతులు కూడా. ఈ ఆటను నిషేధించారన్నారు కదండీ, మళ్లీ ఎలా ఆడుతున్నారు? ఫోన్ లాక్కుంటే భోజనం మానేస్తున్నాడు. – వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: అమ్మా, మీరు విన్న నిషేధం 2020 సెప్టెంబరులో పబ్జీ మీద వచ్చింది. 2021లో అదే తరహా ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జులైలో దాన్ని కూడా ప్లే స్టోర్ నుంచి తీసేశారు, 2023 మేలో మళ్లీ అనుమతించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది డబ్బు పందెం కాసే ఆటలను. ఈ-స్పోర్ట్స్‌ను అది వేరుగా గుర్తించింది. 18 ఏళ్ల లోపు పిల్లలకు రోజుకు 3 గంటలకు మించి ఆడనివ్వకూడదని బీజీఎంఐలోనే నియమం ఉంది. మీవాడు అంతకంటే ఎక్కువ ఆడుతున్నాడంటే ఎవరి వయసు, ఎవరి నంబరు ఇచ్చి ఖాతా తెరిచాడో ఒకసారి చూడండి.

కేకల సంగతి కొంత తేలిక. రెండు చెవులూ గట్టిగా మూసేస్తే మన గొంతు మనకే వినపడదు, తెలియకుండానే పెంచేస్తాం. ఒక చెవి మీది కప్పును కాస్త వెనక్కి జరిపి పెట్టుకోమనండి. మా మనవడికి ఇదే చెప్పాను, కింద టీవీ చూసే వాళ్లమ్మకు ఊపిరాడింది.

మ్యాచ్ మధ్యలో మాత్రం ఫోన్ లాక్కోవద్దు. ఒక్కో ఆట అరగంట దాకా సాగుతుంది. మధ్యలో వాడు మాయమైతే ఇంకో ముగ్గురు పిల్లలు దిక్కులు చూస్తారు, వాళ్ల చేత తిట్లు తినేది మీవాడు. "ఇది ఎప్పుడు అయిపోతుంది?" అని అడిగి, అదే ఆఖరు మ్యాచ్ అని అప్పుడే ఒప్పించండి. బూతుల విషయంలో వాదన పెట్టుకోకుండా ఒకే ఒక్క షరతు పెట్టండి: ఆడేది హాల్లో, తలుపు వేసిన గదిలో కాదు. నాన్న ఎదురుగా కూర్చుని అంత ధారాళంగా తిట్టేవాణ్ణి నేనింకా చూడలేదు.

ప్రశ్న: అంకుల్, నేను ఇంజినీరింగ్ అమ్మాయిని. వాలరంట్ (ఐదుగురు జట్టుగా ఆడే తుపాకుల ఆట) ఆడతాను, ర్యాంక్ కూడా బాగానే ఉంది. మైక్ ఆన్ చేసి ఒక్క మాట మాట్లాడితే చాలు, తెలియని టీమ్‌మేట్స్ వెకిలి మాటలు మొదలుపెడతారు. "వంట చేసుకోపో" దగ్గర నుంచి చెప్పలేని మాటల దాకా. మైక్ లేకుండా ఆడితే ఓడిపోతున్నాం. – ఒంగోలు

జవాబు: తల్లీ, ఓర్చుకో అని నేను చెప్పను. ఓర్చుకుంటూ ఆడితే నీ దృష్టి సగం వాడి మీదే ఉంటుంది. మొదటి మాటకే మ్యూట్ చెయ్యి, బదులు చెప్పొద్దు. మ్యాచ్ అయ్యాక రిపోర్ట్ కొట్టు, వాయిస్ చాట్‌లో వేధింపులకు ఆ వీలుంది. ఆట దాటి బయట మెసేజీలూ బెదిరింపులూ వస్తే అది ఆటే కాదు, నేరం. స్క్రీన్‌షాట్లు దాచుకుని జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యి. మహిళలకు అందులో వేరే విభాగం ఉంది. ఇంట్లో చెబితే ఆట మాన్పిస్తారేమో అని దాచకు.

ఆటలోకి వస్తే, మైక్ లేకుండానే చాలా చెప్పొచ్చు. 2019లో వచ్చిన ఏపెక్స్ లెజెండ్స్‌లో పింగ్ నొక్కితే చాలు, శత్రువు ఎక్కడ, సామాను ఎక్కడ అన్నది టీమ్‌కంతా తెలిసిపోతుంది. మ్యాప్ మీద పింగ్ పెట్టడం వాలరంట్‌లోనూ ఉంది. అలవాటు చేసుకుంటే పనికొస్తుంది. కాకపోతే స్పైక్ (ఆ ఆటలోని బాంబు) పెట్టాక పేలడానికి ఉండేది 45 సెకన్లు, తీసెయ్యడానికి 7 సెకన్లు పడుతుంది. ఆ చివరి ఘడియలో "నేను కాపు కాస్తా, నువ్వు తియ్యి" అని నోటితో చెప్పినంత త్వరగా ఏ పింగూ చెప్పలేదు. అందుకే తెలిసినవాళ్లను కూడగట్టుకో. ఐదుగురు దొరక్కపోతే ఇద్దరు చాలు. పక్కన ఒక గొంతు తోడుంటే మాట్లాడటం సులువవుతుంది.

ఇది చదివే అబ్బాయిలకు ఒక మాట. మీ టీమ్‌లో ఒకడు ఆ అమ్మాయిని వెకిలిగా అన్నప్పుడు మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. "ఆపు. తను బి సైట్ అంటోంది, పదండి" అంటే చాలు. వాడి మాటకు బదులు రాలేదు, ఆ అమ్మాయి మాటకు వచ్చింది. మీరు నవ్వి ఊరుకుంటే మాత్రం వాడి పక్షాన నిలబడినట్టే లెక్క.

ప్రశ్న: మా టీమ్‌లో ఒకడిది చెన్నై, ఒకడు హిందీ మాట్లాడతాడు, మేమిద్దరం తెలుగు. ఏ భాషలో మాట్లాడుకోవాలి? – పొదలకూరు

జవాబు: అంకెలు ఇంగ్లీషులో చెప్పుకోండి, అవి అందరికీ వచ్చు. రష్, బ్యాక్, హీల్, స్మోక్ లాంటివి ఎటూ అందరూ అనేవే. చోట్లకు పేర్లు మాత్రం ఆటకు ముందే నలుగురూ కలిసి అనుకోండి. మీ ఇద్దరూ మధ్యలో తెలుగులో గుసగుసలాడుకోవద్దు. మిగతా ఇద్దరూ తమ గురించే అనుకుంటారు, చాలాసార్లు నిజమే కూడా.

ప్రశ్న: టోర్నమెంటుకు ఖరీదైన గేమింగ్ హెడ్‌సెట్ కొనాలా? – కనిగిరి

జవాబు: అక్కర్లేదు. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్ చాలు, బ్లూటూత్ అయితే చప్పుడు కాస్త ఆలస్యంగా వస్తుంది. మైకు నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా ఉండాలి, లేకపోతే నీ ఊపిరే అందరికీ వినపడుతుంది. ఫ్యాను కింద కూర్చోవద్దు. కనిగిరి ఎండల్లో అది కష్టమే, కాబట్టి మాట్లాడేటప్పుడు మాత్రమే మైక్ ఆన్ చెయ్యి.