కనిపించని జుజురానాను లెక్కపెట్టేదెలా?

ప్రశ్న: హిమాచల్ ప్రదేశ్ రాష్ట్ర పక్షి జుజురానా పొదలు దాటి బయటికి రాదంటారు. మరి ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది? ఒకే పిట్టను రెండుసార్లు లెక్కేయరా?
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: చూసి కాదు, విని లెక్కపెడతారు. రింగాల్ వెదురు గుబురులో పది అడుగుల దూరాన ఉన్నా ఈ పక్షి కంటపడదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో, 2,400 నుంచి 3,600 మీటర్ల ఎత్తున ఉన్న అడవుల్లో, మగపక్షి తెల్లవారుజామున మేకపిల్ల అరిచినట్టు 'వా...' అని సాగదీస్తూ కూస్తుంది. కులు జిల్లాలోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులో దీని లెక్కకు ఆ కూతే ఆధారం.

వినే చోట్లను ముందురోజు పగలే చూసి పెట్టుకోవాలి. వాగు ఒడ్డు అసలు పనికిరాదు. మంచు కరిగే రోజుల్లో నీళ్ల హోరు కూతను మింగేస్తుంది. గట్టు ఎక్కి కూర్చోవాలి. 300 మీటర్ల దాకా కూత నమ్మకంగా వినబడుతుందనుకుంటే, చోటుకీ చోటుకీ మధ్య 600 మీటర్లు ఉంచాలి. ఒక్కో చోటు చుట్టూ కూత వినబడే వలయం సుమారు 28 హెక్టార్లు వస్తుంది. తెల్లవారడానికి అరగంట ముందే చేరి, కదలకుండా ఉండాలి. కూత విన్న వెంటనే సమయం, దిక్సూచి డిగ్రీలు, దూరం అంచనా రాయాలి: '4:52, 70 డిగ్రీలు, 200 మీటర్లు'. అదే క్షణంలో పక్క చోటులోని మనిషికీ కూత వినబడి, పటం మీద ఎవరి చోటు నుంచి వాళ్లు ఆ డిగ్రీల వైపు గీసిన గీతలు ఒకచోట కలిస్తే అది ఒకే పక్షి. మీ అనుమానానికి జవాబు ఇదే. అందుకే గడియారాలు ముందురాత్రే సరిచూసుకోవాలి. రెండు నిమిషాల తేడా చాలు, ఒక పక్షి రెండవుతుంది.

కోక్లాస్ పక్షి కూడా అదే వేళకు కూస్తుంది, కొత్తవాళ్లు ముందు ఆ తేడా చెవికి పట్టించుకోవాలి. వాన, గాలి ఉన్న ఉదయాన్ని వదిలేయాలి తప్ప 'సున్నా' అని రాయకూడదు. ఒక్కో చోట కనీసం మూడు ఉదయాలు వినాలి, ఎందుకంటే ఉన్న ప్రతి మగపక్షీ రోజూ కూయదు.

వచ్చిన అంకెను రెండుతో హెచ్చవేసి 'ఇన్ని జంటలు, ఇన్ని పక్షులు' అనడం మాకు నచ్చదు. కూయని మగవీ, ఆడవీ ఎన్నో ఆ లెక్క చెప్పదు. 'కూసిన మగపక్షులు ఇన్ని' అనే రాసి, ఏటా అదే వారంలో, అవే చోట్ల పోల్చాలి.

ప్రశ్న: ఫోన్‌లో కూత వినిపిస్తే బదులు పలుకుతుందిగా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. పోటీకి మరో మగపక్షి వచ్చిందనుకుని అది తన చోటు వదిలి మీ వైపు వస్తుంది, లేదా నోరు మూసుకుంటుంది. ఎలాగైనా లెక్క తప్పుతుంది. పైగా అది గూడు కట్టి గుడ్లు పెట్టే కాలం.